పద్నాలుగో ఎలుక

సాయంత్రం ఆరింటికి తిండి తీసేయాలి.
నీళ్ల సీసా ఉంచాలి.
ఊక కూడా ఎత్తేయాలి, ఆకలేస్తే ఊకనీ నములుతాయి,
వేసిన పెంటికల్నే మళ్లీ తింటాయి,
అందుకే అడుగున ఇనుప జాలీ.
ఇవన్నీ నాకు నేర్పింది మా గైడు కాదు,
జంతుశాల చూసుకునే గరికిన పోలయ్య.

చినవాల్తేరు వైపు గోడకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను.
కరెంటు పోయి అది ఆగినప్పుడల్లా
గదిలోకి సముద్రం వస్తుంది.
ఇది మే నెల. వేట లేదు.
వచ్చే గాలిలో ఉప్పే తప్ప చేప లేదు.

ఎలుకలు రాత్రి తినే జీవాలు.
నేను దీపం ఆర్పే వేళ వాటికి మిట్టమధ్యాహ్నం.
'ఒక రాత్రి ఉపవాసం' అని కాగితం మీద తేలిగ్గా రాస్తాను,
వాటి లెక్కలో అది
పొయ్యి వెలగని రోజు.

తోక చివర చిన్న గాటు. ఒక చుక్క.
మీటరు అయిదు నుంచి వెనక్కి లెక్కపెడుతుంది.
తీసేముందు నూట పన్నెండు.
తెల్లారి డెబ్బై ఆరు.
రెండో రాత్రి గడిచాక డెబ్బై ఒకటి,
ఇక దిగదు.
బరువు మాత్రం
రెండువందల పద్నాలుగు, నూట తొంభై ఏడు,
నూట ఎనభై ఆరు.

కాలేయం దాచుకున్న పిండి మొదటి రాత్రికే చెల్లిపోయింది.
తర్వాత కొవ్వు. తర్వాత కండ.
దూలాలు ఒక్కొక్కటే విరిచి పొయ్యిలో పెట్టుకుంటూ
వీధి గుమ్మంలో దీపం మాత్రం ఆరనివ్వని ఇల్లు.
నెత్తుటి చుక్క అడిగితే
బాగానే ఉన్నామంటుంది.
తూకం ఒక్కటే దాచలేదు.

పద్నాలుగోది,
తోక మీద ఊదారంగు గీతలు: పొడుగుది ఒకటి, పొట్టివి నాలుగు.
చక్కెర నూట తొమ్మిది.
తగ్గింది ఒక్క గ్రాము.
మీటరు మార్చాను. స్ట్రిప్పుల డబ్బా మీద తేదీ చూశాను.
మళ్లీ గుచ్చాను. నూట ఏడు.
వంగి చూస్తే జాలీ కన్నులో ఇరుక్కుని, తడిసి,
ఒకే ఒక్క మరమరం.

"నేనే ఏసినానమ్మా.
ముందర కాళ్లు రెండూ ఊసలకెట్టి
నాకేసే సూత్తంది.
మీ లెక్క పోద్దని తెలుసు."

"మరి మిగతావాటికి?"

"అవి నాకేసి సూడనేదు."

కోపం వచ్చింది. ఆరు వారాల పని.
ఏదో అన్నాను, ఏమన్నానో ఇక్కడ రాయను.
అతను తలొంచుకుని జాలీ కడుగుతూనే ఉన్నాడు.
అప్పుడు కనబడింది,
నడుముకున్న బెల్టుకి
మేకుతో కొత్తగా పొడిచిన కన్నం,
దాని పక్కన ఇంకొకటి.

తమ్ముడి పడవ ఒడ్డున బోర్లించి ఉంది.
సర్కారు సొమ్ము ఇంకా పడలేదు.
ఇతని కాంట్రాక్టు జీతం మూడు నెలలుగా ఫైల్లో ఉంది.
రెండు పొయ్యిలూ ఒకటయ్యాయని ఎప్పుడో అన్నాడు,
నేను గ్రాములు రాసుకుంటూ ఊఁ కొట్టాను.
మధ్యాహ్నం టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుంటాడు.
అదేం తీపి పోలయ్యా అని
ఎన్నిసార్లు నవ్వానో.

డబ్బాలో ఇంకో స్ట్రిప్పు ఉంది.
నీ వేలు ఇలా ఇవ్వు అనలేకపోయాను.
ఇచ్చినా ఏం చెబుతుంది?
డెబ్బై ఒకటో, ఎనభయ్యో, ఏదో ఒక మర్యాద అంకె.
మనిషిని తూకానికెక్కించాలి.
మా తూకం అరకిలో దాటితే
అడ్డగీతలు చూపిస్తుంది.

నోట్‌బుక్కులో రాశాను:
'పద్నాలుగు, తిన్నది. లెక్కలోంచి తీసేశాను.'
ఎవరు పెట్టారో రాయలేదు.

ఎనిమిదింటికి అన్నింటికీ తిండి పెట్టాం.
ఇరవై మూడు బోనుల్లో
వాన మొదలైనట్టు పళ్ల చప్పుడు.
పద్నాలుగోది మాత్రం
ఊచలకి రెండు కాళ్లూ ఆనించి
తలుపు దగ్గర చెప్పులేసుకుంటున్న మనిషి వైపే
చూస్తోంది.